సంక్రాంతికి పిల్లలొస్తున్నారా? ముందు మీ ఓపిక దాచుకోండి

"పండక్కి అందరం వస్తున్నామమ్మా" అని ఫోన్ రాగానే మనలో చాలామంది బెల్లం ఎంత, నువ్వులెంత, మినప్పప్పు ఎంత అని లెక్క మొదలుపెడతారు. నేను ముందు వేసుకునేది ఓపిక లెక్క. మాది పాలకొల్లు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా వారికి సుగరు, నాకు మోకాళ్ళు. పెద్దమ్మాయి వాళ్ళు హైదరాబాదు మియాపూర్‌లో, అబ్బాయీ కోడలూ బెంగళూరులో, చిన్నమ్మాయి కుటుంబం అమెరికాలో ఉంటారు. పెద్దపండక్కి ఇంట్లో కాలు పెట్టడానికి చోటుండదు, దానంత సంతోషం నాకు ఇంకోటి లేదు. కానీ భోగి ముందురోజు రాత్రికే మనం నడుం పట్టుకుని మంచం ఎక్కేస్తే, రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చినవాళ్ళు ఎవరితో కబుర్లు చెబుతారు?

అరవై దాటాక పండగ ఏర్పాట్లు చేసే తీరు మారాలని నేను గట్టిగా నమ్ముతాను. వాళ్ళు గుమ్మంలో అడుగుపెట్టేసరికి పెద్ద పనులన్నీ అయిపోయి ఉండాలి. మిగిలిన పని వాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోవాలి. మనం వీధి అరుగు మీద తీరిగ్గా కూర్చోగలగాలి. కింద రాసినదంతా ఆ ఒక్కదాని కోసమే.

దసరాకే తేల్చుకోవాల్సినవి

ఎవరు ఏ తేదీన వస్తున్నారు, ఏ తేదీన వెళ్తున్నారు అన్నది దసరా పండక్కే తేలిపోవాలి. "చూద్దాంలే అమ్మా" అనే మాటను ఒప్పుకోకండి. ప్రేమగానే, కానీ గట్టిగా అడగండి.

ముందుగా మాట్లాడాల్సింది వియ్యాలవారితో. కోడలు కూడా ఓ ఇంటి ఆడపిల్లే. వాళ్ళమ్మ కూడా వాకిట్లో ముగ్గేసి పిల్ల కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. ఒక ఏడాది సంక్రాంతి మా దగ్గర, దసరా వాళ్ళ దగ్గర, మరుసటి ఏడాది అటుది ఇటు అని మేము అనుకున్నాం. ఈ మాట నేనే వదినగారికి ఫోన్ చేసి మాట్లాడాను. పిల్లల నోటితో చెప్పిస్తే రెండు ఇళ్ళ మధ్య నలిగేది వాళ్ళే. పెద్దవాళ్ళం మనం మనం అనుకుంటే రెండు నిమిషాల్లో తేలిపోతుంది, మనసులో ముల్లు కూడా మిగలదు. వాళ్ళు రాని ఏడాది అడగాల్సిన మాట "అక్కడ బాగా జరిగిందా?" అని. "మాకు బోసిగా ఉంది" అని వంద కిలోమీటర్ల అవతల ఉన్న కోడలికి వినిపించేలా నిట్టూర్చకూడదు.

తర్వాత టిక్కెట్లు. 2024 నవంబరు 1 నుంచి రైలు రిజర్వేషన్ 120 రోజుల ముందు కాకుండా 60 రోజుల ముందే తెరుస్తున్నారు. ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. అంటే జనవరి 12 రాత్రి బండికి నవంబరు 13 ఉదయం 8 గంటలకు బుకింగ్ మొదలవుతుంది. ఎనిమిదీ అయిదు తర్వాత చూస్తే వెయిటింగ్ లిస్టే. ఈ తేదీలన్నీ నేను క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాసి, ముందురోజు రాత్రి పిల్లలకు ఫోన్ చేసి గుర్తుచేస్తాను. హైదరాబాదు నుంచి నరసాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మా ఊళ్ళోనే దిగొచ్చు. రాజమండ్రి, కాకినాడ వైపు వాళ్ళకు గౌతమి ఉంది. దక్షిణ మధ్య రైల్వే ఏటా ప్రత్యేక రైళ్ళు కూడా వేస్తుంది, కానీ వాటిని నమ్ముకుని కూర్చోవద్దు. రావడం కంటే తిరుగు ప్రయాణం టిక్కెట్టు కష్టం. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి అందరూ ముక్కనుమ రోజునే బయల్దేరతారు. ఒక్కరోజు ఆగి వెళ్ళగలిగితే టిక్కెట్టూ దొరుకుతుంది, పిల్లలు ఇంకో పూట మన దగ్గరా ఉంటారు.

కారులో వచ్చేవాళ్ళకు ఒకటే చెబుతాను. భోగి ముందురోజు పొద్దున్నే అందరితో పాటు బయల్దేరితే చౌటుప్పల్ దగ్గర పంతంగి టోల్‌గేటు దాటేసరికే ఉత్సాహం సగం చచ్చిపోతుంది. ఇంకో రోజు ముందు రమ్మనండి. రాత్రంతా నిద్ర మానుకుని కారు నడపొద్దని అల్లుడికి నేనే స్వయంగా చెబుతాను. ఆయన మొహమాటానికైనా వింటారు.

అమెరికా పిల్లల సంగతి వేరు. అక్కడ బడులకు సెలవులు డిసెంబరు చివర్లో ఇస్తారు, జనవరి మధ్యలో ఇవ్వరు. సంక్రాంతికి రాలేకపోతున్నామని మా చిన్నమ్మాయి బాధపడుతుంటే, నెలగంట పెట్టాక ఎప్పుడొచ్చినా పండగేనని చెప్పాను. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది. అప్పటినుంచే వాకిట్లో ముగ్గులు, గొబ్బెమ్మలు ఉంటాయి. తెల్లవారుజామున హరిదాసు అక్షయపాత్ర నెత్తిన పెట్టుకుని వస్తాడు, గుళ్ళో తిరుప్పావై, వేడివేడి పొంగలి. క్రిస్మస్ సెలవుల్లో వచ్చిన మనవలకు ఇవన్నీ చూపించవచ్చు. భోగిపళ్ళు అసలు భోగి సాయంత్రమే పొయ్యాలి, అది నిజమే. అయినా అయిదేళ్ళ లోపు బిడ్డ మళ్ళీ ఆ వయసుతో రాడు కదా. వాళ్ళు బయల్దేరే ముందు ఓ మంచిరోజు చూసి నాలుగు రేగుపళ్ళు, చిల్లర నాణేలు, పూలరేకులు, చెరకు ముక్కలు తలమీద పోసి హారతి ఇచ్చేశాను. నలుగురు ముత్తయిదువులు వచ్చి దీవించారు. ఆ దీవెనకు పంచాంగం అడ్డొస్తుందని నేననుకోను.

పడకలు, నీళ్ళు, స్నానాలగది

ఇద్దరం ఉండే ఇంట్లోకి ఒక్కసారిగా పదిమంది వస్తే ముందు తడబడేది వంటిల్లు కాదు, నీళ్ళు. మా మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంది. భోగి పొద్దున అందరూ నువ్వులనూనె పట్టించుకుని నలుగు పెట్టుకుని తలంటు పోసుకుంటారు కాబట్టి ఆ ఒక్క పూటే ట్యాంకు రెండుసార్లు నింపాలి. డిసెంబరులోనే మోటారు ఓసారి చూపించి, ట్యాంకు కడిగించేయండి. పండగ వారంలో ప్లంబరు గానీ ఎలక్ట్రీషియను గానీ మీ ఫోనెత్తడు, అతనికీ పండగే.

గీజరు పదిహేను లీటర్లదైతే ఇద్దరి స్నానానికి సరిపోతుంది, మళ్ళీ కాగడానికి పావుగంట పైన పడుతుంది. మేము పెరట్లో ఇటుకల పొయ్యి మీద పాత ఇత్తడి కాగు పెట్టేస్తాం. కొబ్బరి మట్టలు, డొక్కలు మా కోనసీమ పక్క ఊళ్ళలో ఎవరి పెరట్లో చూసినా ఉంటాయి. పొయ్యి దగ్గర కూర్చునే పని మా అబ్బాయికి మహా ఇష్టం. పొగ కళ్ళలోకి పోతున్నా లేవడు.

స్నానాలగది గురించి మొహమాటం లేకుండా రాస్తాను, ఇది మన వయసుకు ప్రాణం మీదికి వచ్చే విషయం. ఇంతమంది వాడితే నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది, సబ్బు నురుగు ఉంటుంది. మనకు అలవాటైన గదేనని చీకట్లో వెళితే కాలు జారుతుంది. గోడకు పట్టుకునే స్టీలు కడ్డీ ఒకటి కమోడ్ పక్కన, ఒకటి కుళాయి దగ్గర బిగించండి. రాత్రంతా చిన్న లైటు వెలగనివ్వండి. వెళ్ళివచ్చిన ప్రతివారూ వైపర్‌తో నీళ్ళు లాగేసి రావాలని మొదటి రోజే అందరికీ చెప్పేయండి. మా ఇంట్లో ఆ మాట తలుపు మీద రాసి అంటించింది మా మనవరాలు, రంగు పెన్సిళ్ళతో.

పడకలకు కొత్త మంచాలు కొనకండి. ఏడాదిలో నాలుగు రోజుల కోసం ఇల్లంతా మంచాలతో నింపుకోవడం నాకు నచ్చదు. ఊళ్ళో టెంట్ హౌస్ వాళ్ళ దగ్గర పరుపులు, దిళ్ళు, కుర్చీలు అద్దెకిస్తారు, నెల ముందే చెప్పాలి. ఇంట్లో ఉన్న బొంతలు, దుప్పట్లు డిసెంబరు ఎండలో రెండు రోజులు ఆరేయండి. దోమతెరలు తప్పనిసరి. హాల్లో వరసగా పడుకుంటే పిల్లలకు అదే పండగ. కానీ కొత్తగా పెళ్ళయిన జంటకు, పాలిచ్చే తల్లికి తలుపు వేసుకునే గది ఇవ్వాలి. మన గది మాత్రం మనం వదులుకోవద్దు. "మేము హాల్లో సర్దుకుంటాంలే" అన్నామంటే మూడో రోజుకి మా వారికి నిద్రలేక బీపీ లేస్తుంది, ఆ కంగారు అందరికీ. మధ్యాహ్నం రెండు నుంచి మూడున్నర దాకా మా గది తలుపు మూసి ఉంటుందని పిల్లలందరికీ తెలుసు. ఆ గంటన్నర వల్లే రాత్రి పదకొండు దాకా వాళ్ళతో కూర్చోగలుగుతున్నాను.

మందుల డబ్బా ఆ గదిలోనే, అందనంత ఎత్తులో. చిన్నపిల్లలకు సుగరు బిళ్ళ, పిప్పరమెంటు ఒకేలా కనిపిస్తాయి. మీ మందులు, చెకప్‌లు కూడా పండక్కి ముందే చూసుకోండి. పండగ మూడు రోజులూ మందుల షాపు తెరిచి ఉంటుందన్న నమ్మకం ఏమీ లేదు.

ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటామని వారం ముందే వచ్చే పిల్లలుంటే ఇంకా మంచిది. వాళ్ళకు కావాల్సింది ఒక బల్ల, ఒక ప్లగ్గు, వైఫై, కరెంటు పోతే ఆగని ఇన్వర్టరు. మీటింగులో ఉన్నప్పుడు కాఫీ గ్లాసు చప్పుడు చేయకుండా పక్కన పెట్టి వచ్చేస్తే చాలు.

వంటలు

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మనం పడిపోయేది ఇక్కడే.

పిండివంటలన్నీ మన చేత్తోనే చెయ్యాలన్న పట్టుదల తగ్గించుకోండి. ఏవి మన చేతివే కావాలో పిల్లల్నే అడగండి. మా వాళ్ళు చెప్పినవి అరిసెలు, సున్నుండలు. అంతే. జంతికలు, చేగోడీలు వీధి చివర వండి అమ్మే ఆవిడ నాకంటే బాగా చేస్తుంది. నూనె ఏది వాడాలో చెప్పి, వండేటప్పుడు ఓసారి వెళ్ళి చూసొస్తాను. పూతరేకులు ఆత్రేయపురం నుంచి తెప్పిస్తాం. 2023లో జీఐ (ఆ ఊరి సరుకని భౌగోళిక గుర్తింపు) వచ్చిన సరుకు అది, ఇంట్లో మనం చేసేది ఎలాగూ కాదు.

జనవరి మొదటి వారంలో సున్నుండలు, పదో తారీఖుకల్లా అరిసెలు అయిపోవాలి. అరిసెలు ఒక్కరు చేసే వంట కాదు. మా వీధిలో నలుగురం కలిసి, ఈరోజు ఈవిడ ఇంట్లో, రేపు ఆవిడ ఇంట్లో అని వండుకుంటాం. బియ్యం ఓ రోజంతా నానాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి. నీళ్ళు వంపేసి, తడి ఉండగానే మరకు పంపాలి. ఆడిన పిండిని జల్లించి, ఆరిపోకుండా గిన్నెలో అదిమి మూత పెట్టాలి. మా ఇంటి కొలత కేజీ బియ్యానికి ముప్పావు కేజీ బెల్లం. బెల్లం కరిగాక ఇసుక లేకుండా వడకట్టి మళ్ళీ పొయ్యెక్కిస్తాం.

పాకం దగ్గర మాత్రం పక్కకు చూడకూడదు. పళ్ళెంలో చల్లటి నీళ్ళు పోసి పక్కన పెట్టుకుని, గరిటెతో ఒక్క చుక్క అందులో వేయాలి. నీళ్ళలో చెదిరిపోతే ఇంకా లేత. వేళ్ళతో దగ్గరకు తీస్తే మెత్తటి ఉండయ్యి, పైకి తీసినా జారిపోకుండా నిలబడితే దించెయ్యాలి. ఇంకొంచెం ఉంచుదామనుకుంటే ముదురుతుంది, అరిసె గట్టిపడి మన పళ్ళకు లొంగదు. లేతలో దించితే నూనెలో విడిపోతుంది. దించిన వెంటనే నెయ్యి, యాలకుల పొడి, నువ్వులు వేసి, ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో కలపాలి. ఆ కలపడానికి భుజబలం కావాలి, మోకాళ్ళ నొప్పులతో నించుని నేను కలపలేను. నేను స్టూలు మీద కూర్చుని పాకం చూస్తాను, పక్కింటి కోడలు కలుపుతుంది. పాకం చూడటం తెలిసిన పెద్దామె, తెడ్డు తిప్పగల చిన్నామె, ఇద్దరూ ఉంటే పని నడిచిపోతుంది.

ఇంకో మాట. ఆ చలిమిడి అంతా ఒకేసారి వండెయ్యకండి. ఓ గిన్నెడు తీసి పైన నెయ్యి రాసి మూత పెట్టి ఉంచండి, నాలుగైదు రోజులు బాగానే ఉంటుంది. పిల్లలు వచ్చాక భోగి సాయంత్రం మూకుడు పెట్టి, అరిటాకు ముక్కకు నూనె రాసి మనవల చేత ఒత్తించండి. నూనెలో వేసేది, తీసేది పెద్దవాళ్ళే. తీసిన అరిసెను రెండు చెక్కల మధ్య పెట్టి నూనె నొక్కే పని మా మనవడిది. తను నొక్కిన అరిసె తనే తింటాడు, ఇంకెవరినీ ముట్టుకోనివ్వడు.

పండగ భోజనాలకు వస్తే, మూడు పూటలా పండగ వంట వద్దు. మధ్యాహ్నం ఒక్క పూట పెద్ద భోజనం, పొద్దున ఇడ్లీ, రాత్రి చారు, పెరుగన్నం. భోగి నాడు పులగం, ముద్దపప్పు, చిక్కుడుకాయ కూర. సంక్రాంతి నాడు పెద్దలకు బట్టలు పెట్టుకుంటాం కాబట్టి ఆ వంట మడిగా, మితంగా ఉంటుంది. కొత్త బియ్యంతో పరవాన్నం, గుమ్మడికాయ పులుసు, గారెలు, బొబ్బట్లు. బొబ్బట్ల పూర్ణం ముందురోజే ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. కనుమ నాడు మినుము తినాలి కనుక గారెలు, వాటిలోకి నాటుకోడి పులుసు. ఆ రోజు వంట మా అల్లుడూ అబ్బాయీ చేస్తారు. మసాలా నూరిపెట్టి నేను బయటికి వచ్చేస్తాను. వంటింట్లోకి తొంగిచూడను, ఉప్పు సరిపోయిందా అని అడగను.

కొత్త అల్లుడొస్తే వందల రకాలు వడ్డించి ఫోటోలు తీయించడం మా జిల్లాల్లో ఈమధ్య బాగా ఎక్కువైంది. ఆ పిల్లాడు తినేది నాలుగు రకాలు. ఆ రాత్రి చేతులు పడిపోయేది అత్తగారికి. నాకు ఆ పద్ధతి నచ్చదు. అతనికి ఏది ఇష్టమో అమ్మాయిని అడిగి, అది రుచిగా వండి, పక్కన కూర్చుని కొసరి వడ్డించండి. మర్యాద అంటే అదే.

అరిటాకుల్లో పెడితే పళ్ళేలు కడిగే పని ఉండదు. మాకు రావులపాలెం దగ్గరే కాబట్టి ఆకులకు కరువు లేదు. గ్యాసు బండ ఒకటి అదనంగా నిండుగా ఉండాలి, పండగ వారంలో బుక్ చేస్తే ఎప్పుడొస్తుందో చెప్పలేం. తాగేనీళ్ళ టిన్నులకు కూడా ముందే చెప్పిపెట్టండి.

పనమ్మాయికీ పండగే

మన ఇంటికి పదిమంది వచ్చిన రోజే పనమ్మాయి తప్పకుండా రావాలని పట్టుబట్టడం అన్యాయం. ఆమె పిల్లలూ ఆరోజు అమ్మ ఇంట్లో ఉండాలనే అనుకుంటారు. నేను డిసెంబరు నెలాఖరుకే జీతంతో పాటు చీర డబ్బులు చేతిలో పెట్టి, భోగికి ముందు ఇల్లంతా దులిపించుకుని, మూడు రోజులు సెలవిస్తాను. ముక్కనుమ నాటి నుంచి వచ్చి ఆమె చేసే సాయం విలువ అప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

ఆ మూడు రోజుల పని పిల్లలది. ఎవరైనా చెయ్యండర్రా అంటే ఎవరూ కదలరు. పేరు పెట్టి చెప్పాలి. మా పెద్దమ్మాయిది పొద్దున కాఫీ, టిఫిను. కోడలిది వాకిట్లో ముగ్గు, ఆమె చెయ్యి చాలా మంచిది, మెలికల ముగ్గు చుక్క తప్పకుండా లాగుతుంది. అల్లుడిది సంచి పట్టుకుని బజారు. అబ్బాయిది గిన్నెలు. మొదట్లో "అల్లుడి చేత పనా" అని మా ఆడపడుచు నొచ్చుకుంది. ఆయన మాత్రం బజారుకెళ్ళి తాజా రొయ్యలు బేరమాడి తెచ్చి, నాలుగిళ్ళ వాళ్ళకు చెప్పుకుని మురిసిపోయారు. పని లేకుండా సోఫాలో కూర్చోబెడితే చుట్టమే అవుతాడు, ఇంటివాడు కాడు.

డబ్బు

పెన్షన్ మీద బతికేవాళ్ళం. పండగ ఖర్చు ఇంతని ముందే ఓ కవరులో పెట్టుకోండి, ఎఫ్‌డీ తీసి పండగ చెయ్యొద్దు. బట్టలు నేను కొనడం మానేశాను. కొలతలు, రంగులు ఎవరివి వాళ్ళకే తెలుసు. కూతుళ్ళకీ కోడలికీ ఒకే మొత్తం, అల్లుళ్ళకీ అబ్బాయికీ ఒకే మొత్తం, బొట్టు పెట్టి తాంబూలంలో ఇస్తాను. అమెరికా పిల్లకు ఎక్కువా, పక్కనున్న పిల్లకు తక్కువా ఉండకూడదు. సరుకుల ఖర్చు పిల్లలు పెట్టుకుంటామంటే వద్దనకండి. మా అబ్బాయి కిరాణా కొట్టుకు ఫోన్‌పే చేసేస్తాడు, వాడికి అదో తృప్తి.

మాటలు

ఎదిగిన పిల్లలు ఇంటికొచ్చినప్పుడు కొన్ని ప్రశ్నలు అడగకూడదు. లావయ్యావేంటి, రెండోబిడ్డ ఎప్పుడు, పక్కింటి అబ్బాయికి జీతం ఎంతో తెలుసా, ఇల్లు ఎందుకు కొనలేదు. చుట్టాలు అడిగితే మనమే మాట మళ్ళించాలి. పెళ్ళి కాని పిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం. పండక్కి వెళితే అందరి ముందూ నిలబెట్టి అడుగుతారన్న భయంతోనే సెలవు దొరకలేదని చెప్పే పిల్లలు నాకు తెలుసు.

మనవల పెంపకంలో కూడా అంతే. ఫోన్ ఎంతసేపు చూడాలన్నది వాళ్ళ అమ్మానాన్నల ఇష్టం. మనం ఫోన్ లాక్కోనక్కర్లేదు, అంతకంటే సరదా పని చూపించాలి. పిడకలు చేయించండి. పదిరోజుల ముందే మనం పెట్టుకున్న పిడకలను దండ గుచ్చే పనైనా ఇవ్వండి. భోగి తెల్లవారుజామున నాలుగింటికి తమ దండ తామే మంటలో వేస్తారు. ఆ మంటలో పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వెయ్యనివ్వకండి, ఆ పొగ మన ఊపిరితిత్తులకీ పిల్లల ఊపిరితిత్తులకీ మంచిది కాదు. కట్టెలు, పిడకలు చాలు. గంగిరెద్దు వస్తే మనవడి చేతే బియ్యం పోయించండి, సాయంత్రం మేడ మీద గాలిపటం. క్షీరారామలింగేశ్వరుడి గుడికి తీసుకెళ్ళి ఆ ఎత్తయిన గోపురం కింద నిలబెట్టి, పంచారామాల్లో ఇదొకటని మా వారు చెబుతుంటే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు.

కోడిపందేలకు మాత్రం మనవల్ని పంపను. చుట్టుపక్కల బరులు ఉంటాయి, కుర్రాళ్ళు వెళతారు, నాకు తెలుసు. అది చట్టవిరుద్ధం, కత్తి కట్టిన కోడిని పసిపిల్లలకు చూపించాల్సిన అవసరమూ లేదు. ఈ విషయంలో ఇంట్లో ఎవరి మాటా వినను.

ఒక గంట కాగితాలకు

ఆస్తుల పంపకాల మాట పండగ పూట తేకూడదు. కానీ పిల్లలందరూ ఒకచోట ఉండేది ఏడాదిలో ఈ నాలుగు రోజులే. కాబట్టి ముక్కనుమ మధ్యాహ్నం ఒక గంట తీసి పెడతాం. ఇంటి దస్తావేజు ఏ బీరువాలో ఉంది, బ్యాంకు లాకరు ఎక్కడ, ఆరోగ్య బీమా కార్డు ఏది, పెన్షన్ కాగితాలు, నామినీలు ఎవరు, ఏ డాక్టరుకు చూపించుకుంటున్నాం, ఏ మందులు వేసుకుంటున్నాం, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి ఉంటాయి. అందరి ముందూ మా వారు చదువుతారు. అమెరికాలో ఉన్న అమ్మాయి వీడియో కాల్‌లో ఉంటుంది. మొదటిసారి అబ్బాయి "ఇప్పుడవసరమా నాన్నా" అన్నాడు. అవసరమే. అర్ధరాత్రి ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే హైదరాబాదు నుంచి ఫోన్‌లో బీమా కార్డు నంబరు వెతికించే పరిస్థితి పిల్లలకు రానివ్వకూడదు. ఒక్కరికే చెప్పకండి, అందరూ ఉండగా చెప్పండి. అనుమానాలకు చోటుండదు. గంట కాగానే పుస్తకం మూసేసి టీ పెట్టుకోవాలి.

వెళ్ళేటప్పుడు

మూటలు కట్టడం మన తరం చేతుల్లోంచి పోదు. అయినా అడిగి కట్టండి. బెంగళూరు ఫ్లాటులో రెండు కేజీల ఆవకాయ పెట్టుకునే చోటు ఉండదు. చిన్న చిన్న డబ్బాల్లో అరిసెలు, కందిపొడి, సున్నుండలు, అరకేజీ ఆవకాయ. అరిసెల మధ్య కాగితం పెట్టి సర్దితే అంటుకోవు. పచ్చడి సీసా మూత కింద ప్లాస్టిక్ కవరు వేసి బిగించి, నిలువుగా పెట్టండి. రైలు దిగేవరకూ తినడానికి పులిహోర చేస్తే పాడవదు.

ఆఖరి సూట్‌కేసు బయటికి వెళ్ళాక ఇల్లు సర్దడం మొదలుపెట్టకండి. ఆరోజు వంట వద్దు, హోటల్ నుంచి ఇడ్లీ తెప్పించుకుని పడుకోండి. అద్దె పరుపులు టెంట్ హౌస్ కుర్రాడే వచ్చి పట్టుకెళతాడు. దుప్పట్లు రోజుకి రెండు చొప్పున వారమంతా ఉతికితే చాలు. మిగిలిన పిండివంటలు మన డబ్బాల్లో దాచుకోకుండా పనమ్మాయికి, చుట్టుపక్కల పిల్లలకు పంచెయ్యండి, ఎదురుగా ఉంటే మా వారిలాంటి సుగరు మనుషుల చెయ్యి ఆగదు. వారం తిరిగాక రక్తపరీక్ష చేయించుకుని, ఆ కాగితం ఫోటో తీసి పిల్లలకు పంపండి.